రికార్డు ప్రకారం దంపతులు

ముత్యాలరేవు సంఘంలో ఎవరికైనా పెళ్లి కావాలంటే ముందుగా మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదవాలి. ఫలానావారి అమ్మాయికీ ఫలానావారి అబ్బాయికీ వివాహం నిశ్చయమైందనీ, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలనీ గురువుగారు చదువుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. ఒకరిద్దరు దగ్గుతారు. మూడో ఆదివారం దాటాక శుభలేఖలు పంచుకుంటారు. మా తాతల నాటినుంచీ ఇదే పద్ధతి. హెప్సిబా పెళ్లికి మాత్రం కంప్యూటర్ అభ్యంతరం చెప్పింది.

హెప్సిబా మా ఊరి ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆమె సూది గుచ్చితే తెలియదని పేరు. ఫిలేమోను రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు బాగుచేస్తాడు. ఇద్దరూ చర్చి క్వయర్‌లో పాడతారు, ఆమె ముందు వరసలో, అతను వెనక వరసలో. అతను శ్రుతి తప్పినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి చూసేది. అతను కావాలనే తప్పుతున్నాడని కొన్నాళ్లకు సంఘమంతటికీ అర్థమైంది. రెండువైపులా పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. డిసెంబరులో అయితే చెరువుల పని తక్కువగా ఉంటుందని ఫిలేమోను తండ్రి అన్నాడు. అందరూ సరేనన్నారు.

హెప్సిబా తల్లి కరుణమ్మకు బస్టాండు పక్కన టైలరింగ్ షాపు ఉంది. భర్త ఆశీర్వాదం పోయి చాలా ఏళ్లయింది. ఆమె స్కూటీ మీద తిరుగుతుంది, గట్టిగా మాట్లాడుతుంది, సంఘంలోని ఆడవాళ్లందరూ కలిసి నడిపే స్త్రీల మైత్రికి కార్యదర్శి కూడా. ఆవిడే పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పాస్టరుగారి ఇంటికి వెళ్లింది.

“వందనాలండి అయ్యగారు. మన పిల్లల ప్రకటన వచ్చే నెల్లోనన్నా మొదలెట్టేద్దామండి,” అంది.

మా గురువుగారు రెవరెండ్ దేవవరం మెత్తటి మనిషి. పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే నిలబడి మాట్లాడతారు. ఆ రోజుల్లోనే ఆయనకు కొత్తగా కంప్యూటర్ ఇచ్చారు. దానికో కారణముంది. జిల్లాలోని మా సంఘాలన్నీ ఒక బిషప్‌గారి కింద ఉంటాయి. ఆ మొత్తాన్ని అధ్యక్షఖండం అంటారు. పక్క అధ్యక్షఖండంవాళ్లు సభ్యుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారని తెలియగానే మావాళ్లు సభ్యత్వ శుద్ధీకరణ మహోద్యమం ప్రారంభించారు. పాత రిజిస్టర్లన్నిటికీ ఫొటోలు తీసి ఎక్కడో దూరదేశపు నగరంలో ఉన్న ఒక కంపెనీకి పంపారు. అక్కడివాళ్లకు తెలుగు కొంచెం వచ్చునట. పని త్వరగానే పూర్తయింది. మా కోశాధికారి యేసుదాసుగారు యేసుదాసిగా తిరిగొచ్చి స్త్రీల మైత్రిలో చేరారు. ఆయన చందా కట్టి ఊరుకున్నారు.

గురువుగారు కళ్లజోడు సర్దుకుని రెండు పేర్లూ కొట్టారు. కాసేపు చూశారు. మళ్లీ కొట్టి చూశారు.

“ప్రకటన చదవడం కుదరదమ్మా,” అన్నారు. “అమ్మాయికి పెళ్లయిపోయినట్టుంది.”

కరుణమ్మ కూతురి వంక చూసింది. కూతురు ఫిలేమోను వంక చూసింది. ఫిలేమోను ఎవరి వంకా చూడలేకపోయాడు.

“ఎవరితోనండి?” అన్నాడు.

గురువుగారు తెరను కొంచెం కిందికి జరిపారు. “నీతోనే బాబూ.”

నలుగురూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. గురువుగారికైతే చాలా సంతోషం వేసింది. “ఇంకెవరితోనైనా అయ్యుంటే ఎంత గొడవయ్యేది,” అన్నారు.

“ఎప్పుడైందండి ఈ పెళ్లి?” అంది కరుణమ్మ.

గురువుగారు తేదీ చదివారు. అది ఒకానొక క్రిస్మస్ పండగ. కరుణమ్మకు ఆ రోజు బాగా గుర్తుంది. అప్పటి పాస్టరుగారు ఆ పండగనాడు ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. ఒకరు ఆవిడ ఒళ్లో ఉన్న నాలుగు నెలల హెప్సిబా, మరొకరు నీళ్లు చూసి పారిపోబోయిన మూడేళ్ల ఫిలేమోను. రిజిస్టరులో రెండు పేర్లూ ఒకే తేదీ కింద పక్కపక్కనే రాశారు. దూరదేశంలో కూర్చున్నవాళ్లకు ఒక ఆడపేరు, ఒక మగపేరు, ఒక తేదీ కనిపించాయి. వాళ్లు పెళ్లి చేసేశారు.

“సరే, ఇప్పుడు తీసేయండి మరి,” అంది కరుణమ్మ.

“తీసే మీట మాకివ్వలేదమ్మా. చూసే మీట ఒక్కటే ఇచ్చారు. ఒకసారి అధ్యక్షఖండం ఆఫీసుకు వెళ్లి రండి,” అన్నారు గురువుగారు.

అధ్యక్షఖండం కార్యాలయంలో సవరణల విభాగానికి కన్వీనరు జ్ఞానప్రకాశం గారు. సర్కారు ఉద్యోగంలో చాలాకాలం ఫైళ్లు చూసి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుంటారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో ఉత్తర్వు చదువుతున్నట్టుంటుంది. ఆయన కుర్చీ వెనక గోడమీద ‘నమోదే నిజము’ అని పెద్ద అక్షరాలతో రాయించారు.

ముగ్గురూ నిలబడి చెప్పింది ఆయన ఓపిగ్గా విన్నారు.

“అమ్మా, తమరు ఇందాకటినుండి తప్పు, తప్పు అనుచున్నారు,” అన్నారు. “ఈ కార్యాలయములో ఆ పదము వాడరాదు. నమోదునకును వాస్తవమునకును మధ్య అంతరము అని అనవలెను. అట్టి అంతరము ఏర్పడినపుడు ఏది దేనికి అనుగుణముగా సర్దుకొనవలెనో నియమావళిలో స్పష్టముగా ఉన్నది.”

“ఏది సర్దుకోవాలండి?” అంది హెప్సిబా.

“వాస్తవము.”

“కానీ మాకింకా పెళ్లి కాలేదండి. చేసుకుందామనే కదండి వచ్చాం.”

“కాలేదనుటకు ధ్రువపత్రమున్నదా?”

“అదెవరిస్తారండి?”

“మీ సంఘ గురువుగారు.”

“ఆయనేం చూసి ఇస్తారండి?”

“మా నమోదు చూచి,” అన్నారు జ్ఞానప్రకాశం గారు. తర్వాత కుర్చీలో కొంచెం ముందుకు వంగారు. “అమ్మాయీ, ఇచట మరియొక సంగతి బయటపడుచున్నది. మీరిరువురును దంపతులు. అయినను మీరు తల్లి ఇంట, ఈయన వేరొక ఇంట నివసించుచున్నట్లు మీరే నా ఎదుట అంగీకరించితిరి. ఎంతకాలము నుండి ఈ ఎడబాటు?”

“పుట్టినప్పటినుంచీనండి,” అన్నాడు ఫిలేమోను.

“విచారకరము,” అన్నారు జ్ఞానప్రకాశం గారు. ఆయన నిజంగానే విచారించారు. వెంటనే ఉత్తర్వు చెప్పి టైపు చేయించారు. భార్యాభర్తలు కలిసిపోయి సమాధానపడేవరకు, ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుభోజనంలో పాలుపంచుకోరాదు. క్వయర్‌లో పాడరాదు. విషయం కుటుంబ సమాధాన ఉపసంఘానికి అప్పగించడమైనది.

తిరిగొచ్చే బస్సులో ఫిలేమోను ఆ ఉత్తర్వు మళ్లీ ఒకసారి చదివి మడిచాడు.

“ఆయన మంచాయనే. మొదలవని కాపురం చెడిందని నిజంగానే బాధపడ్డాడు,” అన్నాడు.

హెప్సిబాకు నవ్వొచ్చింది. తల్లి మాత్రం కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కూతురు ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లకుండా వెనక బెంచీలో కూర్చోవడం ఆవిడ ఊహించుకోలేకపోతోంది. ఆ ఆదివారం అదే జరిగింది. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే హెప్సిబా తల వంచుకుని పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయింది. మధ్య దారికి అవతలి వైపు మగవాళ్ల వరసలో ఫిలేమోను కూడా అంతే. పెళ్లి కోసం అడిగినందుకు తమకు శిక్ష పడిందని ఆ రోజు వాళ్లకు మొదటిసారి బాగా తెలిసింది.

కుటుంబ సమాధాన ఉపసంఘం అధ్యక్షురాలు సౌభాగ్యమణిగారు మరుసటి వారమే కరుణమ్మ ఇంటికొచ్చారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. విడిపోవాలనుకున్న ఎన్నో జంటల్ని కలిపారని పేరుంది. కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న ఇద్దరినీ తేరిపార చూశారు.

“చెప్పండమ్మా. గొడవెక్కడ మొదలైంది?”

“గొడవేం లేదండి. మేం ఇష్టపడే...” అంటూ హెప్సిబా మొదలుపెట్టింది.

“అందరూ మొదట ఇలాగే దాస్తారు,” అన్నారు సౌభాగ్యమణిగారు అభిమానంగా. “ఇష్టమున్నవాళ్లు వేర్వేరు ఇళ్లలో ఎందుకుంటారు తల్లీ? నా మాట విని ఇవాళే ఈ అబ్బాయితో వెళ్లి వాళ్లింట్లో కొన్నాళ్లు ఉండు. కలిసుంటే అన్నీ అవే సర్దుకుంటాయి.”

కరుణమ్మ చేతిలో టీ కప్పుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

“పెళ్లి కాకుండా మా పిల్లను పంపమంటారాండి?”

“పెళ్లయింది కదమ్మా.”

“నేను చూళ్లేదండి.”

“మీరు చూడకపోతే కాకుండా పోతుందా? అధ్యక్షఖండం చూసింది.”

“అయితే అధ్యక్షఖండం వాళ్ల పిల్లనే పంపుకోమనండి,” అంది కరుణమ్మ. “టీ చల్లారిపోతుంది, తీసుకోండి.”

సౌభాగ్యమణిగారు టీ తాగారు, బాగుందన్నారు, వెళ్లి నివేదిక రాశారు. దంపతుల మధ్య పెద్దగా విభేదాలు లేవనీ, భార్య తల్లి వారి కాపురానికి అడ్డుపడుతున్నదనీ, ఆమెను హెచ్చరించాలనీ అందులో ఉంది. ముత్యాలరేవు చర్చి నోటీసుబోర్డు మీద కరుణమ్మ పేరుతో హెచ్చరిక అంటించారు. దానికి పైన ఆవిడ పెట్టించిన స్త్రీల మైత్రి పిక్నిక్ ప్రకటన ఉంది. ఆవిడ రెండూ చదువుకుని, పిక్నిక్ తేదీ తప్పు పడిందని సరిచేసి వెళ్లింది.

ఈ నివేదిక అధ్యక్షఖండం న్యాయ సలహాదారు బల్లమీదికి వెళ్లింది. ఆయన వృత్తిరీత్యా పుట్టినతేదీలు చూసే అలవాటున్న మనిషి. చూసి, కుర్చీలోంచి లేచి, తలుపేసి వచ్చి మళ్లీ చూశారు. వధువు వయసు నాలుగు నెలలు. అధ్యక్షఖండం స్వయంగా ఒక పసిబిడ్డకు బాల్యవివాహం చేసి, దాన్ని భద్రంగా కంప్యూటర్‌లో దాచిపెట్టుకుంది.

కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. వివాహం రద్దుచేస్తే పోతుంది కదా అని అందులో ఒక కుర్రవాడు అన్నాడట. అతన్ని తర్వాతి సమావేశానికి పిలవలేదు. జ్ఞానప్రకాశం గారు లేచి సమస్యను విడమరిచారు.

“వివాహము పవిత్ర కార్యము. దానిని ముట్టరాదు. జన్మతేదీ కేవలము ఒక వివరము. వివరములను సవరించుటకే ఈ విభాగము ఏర్పడినది. వధూవరుల వయస్సులను ఇరువదేండ్ల చొప్పున పెంచినచో చట్టమునకును లోటుండదు, వివాహమునకును భంగముండదు.”

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సాయంత్రానికి హెప్సిబాకు నలభై దాటాయి. ఫిలేమోనుకు యువజన సంఘం నుంచి వీడ్కోలు ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్లుగా వయసు దాచి క్రికెట్ జట్టులో ఆడినందుకు చింతిస్తున్నామని అందులో రాశారు.

అయితే ఒక సవరణ ఇంకో సవరణను అడుగుతుంది. లెక్క ప్రకారం ఇప్పుడు కరుణమ్మ తన కూతురిని అయిదేళ్ల వయసులో కన్నట్టవుతోంది. కాబట్టి కరుణమ్మ వయసు కూడా ఇరవై ఏళ్లు పెంచి డెబ్బై చేశారు. ఆశీర్వాదం వయసు కూడా పెంచుదామనుకున్నారు గానీ, మృతుల వివరాలు సవరించాలంటే మృతుని సంతకం తప్పనిసరి అని నియమావళిలో ఉంది. ఆయన పాత వయసులోనే ఉండిపోయాడు. దాంతో కరుణమ్మ తనకంటే పదిహేనేళ్లు చిన్నవాణ్ణి పెళ్లాడినట్టు తేలింది.

ఈ మాట గురువుగారు భయపడుతూ భయపడుతూ చెప్పినప్పుడు కరుణమ్మ చాన్నాళ్ల తర్వాత నవ్వింది. “ఆయనుండుంటేనా అయ్యగారు, ఈ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వేవారండి,” అంది. ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది.

డెబ్బై నిండినవారికి సంఘంలో కొన్ని సౌకర్యాలున్నాయి. వృద్ధుల ఆదివారం నాడు ఆవిడకు శాలువా కప్పి చేతికర్ర ఇచ్చారు. నడవలేనివారి కోసం చేసే ప్రార్థనలో ఆవిడ పేరు చేర్చారు. మంచంపట్టినవారికి ఇంటికే ప్రభుభోజనం తీసుకెళ్లాలి గనక ఒక మధ్యాహ్నం గురువుగారు గిన్నె పట్టుకుని వచ్చారు. తలుపు తాళం వేసుంది. ఎండలో చాలాసేపు నిలబడ్డాక కరుణమ్మ స్కూటీ మీద వచ్చి, “వచ్చి ఎంతసేపైందండి? కబురు చేస్తే మంచం మీదే ఉండేదాన్ని కదండి,” అంది. స్త్రీల మైత్రి కార్యదర్శి పదవికి మాత్రం అరవై దాటినవాళ్లు పనికిరారు. ఆ పదవి పోయింది. ఆవిడ దాన్ని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఆవిడకు ఎంత కష్టమనిపించిందో హెప్సిబాకు తెలిసింది.

ఇదంతా జరుగుతున్నా సౌభాగ్యమణిగారు తన పని మానలేదు. ప్రతి శనివారం చర్చి ఆవరణలోని గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి హితవు చెప్పేవారు. ఒకరిలో ఒకరికి నచ్చని విషయాలు కాగితం మీద రాసివ్వమన్నారు. మొదటివారం ఇద్దరూ ఖాళీ కాగితాలు ఇచ్చారు. అసంపూర్తిగా ఉన్నాయని ఆవిడ తిప్పి ఇచ్చేశారు. రెండోవారం గండం గడవాలని ఇద్దరూ మాట్లాడుకుని కల్పించి రాశారు. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తడని ఆమె, ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే అందుకుంటుందని అతను. మూడోవారానికి కల్పించాల్సిన అవసరం లేకపోయింది.

“నేను మాట అందుకుంటానని నిజంగానే అనిపిస్తుందా నీకు?” అంది హెప్సిబా గది బయటకొచ్చాక.

“అది ఊరికే రాసింది కదా...”

“ఊరికే రాయడానికి నీకు అదే ఎందుకు తట్టింది?”

“చూడు, ఇప్పుడు కూడా నన్ను చెప్పనివ్వలేదు,” అన్నాడు ఫిలేమోను. అనకుండా ఉంటే బాగుండేదని వెంటనే అనుకున్నాడు. “ఈ గొడవంతా మనకెందుకు? రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టేద్దాం. చర్చి పెళ్లి లేకపోతే ఏమైంది?”

“మా అమ్మ ఆ చర్చి తుడిచింది, పూలు పెట్టింది, అందరి పెళ్లిళ్లకీ జాకెట్లు కుట్టింది. నా పెళ్లి మాత్రం ఆవిడ ఆఫీసు వరండాలో నిలబడి చూడాలా?”

“అయితే ఎన్నాళ్లిలా? మీ చర్చి, మీ అమ్మ. నా సంగతి ఎవరికీ పట్టదు.”

“మీ చర్చి అంటావేంటి? నీకూ అందులోనే బాప్తిస్మం ఇచ్చారు.”

ఆ తర్వాత వాళ్లు రెండు వారాలు మాట్లాడుకోలేదు. సౌభాగ్యమణిగారి నివేదికలో ఈసారి ఉత్సాహం కనిపించింది. దంపతుల మధ్య ఉన్న అసలు సమస్య బయటపడినదనీ, పురోగతి సంతృప్తికరంగా ఉన్నదనీ రాశారు.

ల్యాబులో హెప్సిబా సూది గుచ్చితే జనం అబ్బా అనడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన, “ఏమ్మా, ఇవాళ మనసు బాగాలేదా?” అని అడిగాడు. ఆమె ఆ పూట సెలవు పెట్టి, బస్సెక్కి, చెరువుల దగ్గర దిగింది. ఫిలేమోను మొలలోతు నీళ్లలో నిలబడి ఆగిపోయిన ఏరేటర్ విప్పుతున్నాడు. ఆమె గట్టుమీద కూర్చుంది. అతను చూశాడు గానీ పని ఆపలేదు.

“ఫోన్ ఎత్తలేదేం?” అంది.

“నీళ్లలో ఉన్నాను.”

“రెండు వారాల్నుంచీ నీళ్లలోనే ఉన్నావా?”

అతనికి నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. కాసేపటికి ఆమె మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని, “మనం గొడవపడ్డాం తెలుసా? పెళ్లి కాకముందే సౌభాగ్యమణిగారు కలిపే జంటల్లాగా అయిపోతున్నాం. నాకు భయమేసింది,” అంది.

“పెళ్లి కాకముందేమిటి?” అన్నాడతను స్పానరు తుడుచుకుంటూ. “ఈ క్రిస్మస్‌కి మనకు పెళ్లయి పాతికేళ్లు.”

హెప్సిబా మోకాళ్ల మీంచి తలెత్తింది.

“ఏమన్నావు?”

“పాతికేళ్లన్నాను. సరదాకి.”

ఆమె లేచి నిలబడింది. “గట్టెక్కు. బట్టలు మార్చుకో. ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది.”

జ్ఞానప్రకాశం గారు వాళ్లను చూడగానే విసుగ్గా అద్దాలు తీశారు. నమోదు మార్చే ప్రసక్తే లేదని ముందే చెప్పేశారు.

“మార్చొద్దండి,” అంది హెప్సిబా వినయంగా. “నమోదు ప్రకారమే వచ్చామండి. ఈ క్రిస్మస్‌కి మా వివాహ రజతోత్సవం. సంఘంలో కృతజ్ఞతారాధన పెట్టుకోడానికి అనుమతి కావాలండి.”

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. కంప్యూటర్‌లో తేదీ చూశారు. నియమావళి తీసి పేజీలు తిప్పారు. పాతికేళ్లు నిండిన దంపతులు సంఘం ఎదుట ప్రమాణాలు పునరుద్ధరించుకోవచ్చును. ఉంగరములు మార్చుకొనవచ్చును. పూలదండలు, కేకు, విందు వారి ఇష్టము. ప్రకటనలు అవసరం లేదు. పెళ్లికాని ధ్రువపత్రం అసలే అవసరం లేదు.

“దంపతులు సమాధానపడినారా?” అని అడిగారు.

“ఇందాకే పడ్డామండి,” అన్నాడు ఫిలేమోను. అతని ప్యాంటు అంచుల్లో ఇంకా బురద ఉంది.

జ్ఞానప్రకాశం గారు కుర్చీలోంచి లేచారు. “నా జీవితములో నమోదును గూర్చి ఇంత గౌరవముతో మాట్లాడిన సభ్యులను చూడలేదు. అనుమతి మంజూరు చేయుటయే గాక, ముఖ్య అతిథిగా నేనే వచ్చెదను.”

అదే వారంలో వాళ్లు సర్కారు రిజిస్ట్రారాఫీసులో కూడా నోటీసు ఇచ్చారు. అక్కడి గుమస్తా ఇద్దరికీ ఇంతకుముందు పెళ్లి కాలేదు కదా అని అడిగాడు. కాలేదన్నారు. అతను నమ్మేసి రాసుకున్నాడు. అంత తేలిగ్గా నమ్మిన మనిషిని చూసి చాలా నెలలైంది గనక హెప్సిబాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోటీసు గడువు తీరాక, పండగకు ముందురోజు, సంతకాలు పూర్తయ్యాయి. చట్టానికి చెయ్యాల్సింది చేశారు. కానీ ఆ సాయంత్రం ఎవరింటికి వాళ్లే వెళ్లారు. కరుణమ్మ దృష్టిలో పెళ్లి మర్నాడు.

రజతోత్సవానికి సంఘమంతా వచ్చింది. హెప్సిబా తెల్లపట్టుచీర కట్టుకుని, ముసుగు వేసుకుంది. జాకెట్ తల్లి కుట్టింది. డెబ్బై నిండిన తల్లి కోసం ఆఫీసువాళ్లు చక్రాల కుర్చీ పంపారు. కరుణమ్మ అందులో పూలబుట్టలు పెట్టించి, తాను కూతురి చెయ్యి పట్టుకుని మధ్య దారిలో నడిచింది. రెండువైపులా బెంచీల్లో ఆడవాళ్లు ఏడుస్తున్నారు. రజతోత్సవంలో ఎందుకు ఏడుస్తున్నారో ముందు వరసలో కూర్చున్న జ్ఞానప్రకాశం గారికి అర్థం కాలేదు. అయినా ఆయన కూడా చేతిరుమాలు తీశారు.

ఆరాధన క్రమం ఆఫీసులోనే అచ్చువేసి పంపారు. అందులో ప్రమాణం దగ్గర, ‘ఈమెను నీ భార్యగా మళ్లీ అంగీకరిస్తున్నావా?’ అని ఉంది. గురువుగారు ఆ వాక్యం దగ్గర ఆగారు. కాగితం వంక చూశారు. ఎదురుగా నిలబడ్డ ఫిలేమోను వంక చూశారు. పై ఆఫీసు ఫోనుకు నిలబడి మాట్లాడే ఆ మనిషి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఫిలేమోనూ, ఈమెను నీ భార్యగా అంగీకరిస్తున్నావా?” అన్నారు.

వేలితో అక్షరం అక్షరం అనుసరిస్తున్న జ్ఞానప్రకాశం గారు చెయ్యెత్తారు. “గురువుగారూ, ఒక పదము తప్పినది.”

“తప్పు అనకూడదు కదండి,” అన్నారు గురువుగారు నెమ్మదిగా. ఆయన తల తిప్పి ఫిలేమోనునే చూస్తూ నిలబడ్డారు.

“అంగీకరిస్తున్నానండి,” అన్నాడు ఫిలేమోను. హెప్సిబాను అడిగినప్పుడు ఆమె ప్రశ్న పూర్తికాకముందే అందుకుని ఔనంది. ఫిలేమోను ఫక్కున నవ్వాడు. క్వయర్‌వాళ్లు ఇక ఆగలేక పాట ఎత్తుకున్నారు. జ్ఞానప్రకాశం గారి చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, పాట బాగుండడంతో తాళం వేస్తూ కిందికి దిగింది.

విందుకు ముందు ఆయన మైకు అందుకున్నారు. ఇరువదియైదు సంవత్సరములు ఎడబాటును సహించి, నమోదును ఎన్నడును ధిక్కరింపక, తుదకు ఒక్కటైన ఈ జంట నేటి యువతకు ఆదర్శమని చాలాసేపు చెప్పారు. వెనక బెంచీల్లో బిర్యానీ వాసనకు పిల్లలు అటూ ఇటూ కదులుతున్నారు. చివరికి ఆయన మైకు హెప్సిబా చేతికిచ్చారు.

“అమ్మాయీ, మీ సుదీర్ఘ దాంపత్య అనుభవమునుండి అవివాహిత యువతీయువకులకు నాలుగు మాటలు సెలవియ్యవలెను.”

హెప్సిబా ముసుగు సర్దుకుంది. పక్కన ఫిలేమోను ఆమె చెయ్యి ఇంకా వదల్లేదు.

“మొదటి పాతికేళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయాయండి,” అంది. “ఈ సాయంత్రం నుంచి ఎలా ఉంటుందో చూడాలి.”

“యువజనులారా, వ్రాసికొనుడు,” అన్నారు జ్ఞానప్రకాశం గారు.